ఉన్నవి లెక్కపెడితే...

బీడీలు లెక్కపెట్టే చేతులు. గల్ఫ్‌లో ఉన్న భర్త తిరిగొచ్చే రోజు కోసం క్యాలెండర్ గళ్లు లెక్కపెట్టే కళ్లు. జగిత్యాల జిల్లా మేడిపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఎందరో యువ ఇల్లాళ్ల జీవితం నిండా లెక్కలే. ఆ లెక్కల పుస్తకంలో తరచూ ఖాళీగా మిగిలే పేజీ ఒకటుంది. అది తమకు ఉన్నవాటి పద్దు!

25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలయితే వెయ్యి. ఈ ఎక్కం ఏ బడిలోనూ నేర్పరు. ఒడిలో చాట పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని, తడిపి మెత్తబరిచిన తునికాకును కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి... ఇలా పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా చేస్తే వచ్చే ఎక్కమది. కూలీ లెక్క వేలల్లోనే. వెయ్యి బీడీలకు ఇంత అని. మధ్యలో పొయ్యి మీద అన్నం చూడాలి. చంటిదాన్ని ఊయల్లో వేసి ఊపాలి. బడికి వెళ్లే పిల్లాడికి బువ్వ పెట్టాలి. అత్తమ్మకు మందుబిళ్ల అందించాలి. చేతులు మాత్రం ఆగకూడదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ ఇది తెలిసిన దృశ్యమే. మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ అని బయల్దేరితే, ఇంటిని నిలబెట్టేది ఈ బీడీల చాటే. ఈ ఇంటి లెక్కలు చూడండి... వీసా కోసం తెచ్చిన అప్పు ఎంత తీరింది, మిత్తి ఎంత పెరిగింది, సంఘంలో కట్టాల్సిన కిస్తీ ఎంత, బిడ్డ బడి ఫీజు ఎంత, కార్ఖానాలో పనికిరావని పక్కన పడేసిన బీడీలు ఎన్ని? అన్నీ లోటు లెక్కలే. రాత్రి పడుకునేటప్పుడు మనసులో తిరిగేవీ అవే.

మరి ఉన్నవాటి మాటేమిటి? వాటిని లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? లెక్కపెడితే మాత్రం ఒరిగేదేముంది? చిన్న ప్రశ్నల్లాగే కనిపిస్తాయి. సమాధానం వెతికితే మన పెద్దలు చేసే పండుగ దగ్గరికి, మనస్తత్వవేత్తలు చేసిన పరిశోధనల దగ్గరికి దారి తీస్తుంది.

ఒడి నింపే దీవెన

తెలంగాణ ఆడబిడ్డకు దీవెనలు మాటల్లోనే కాదు, కొలతల్లోనూ అందుతాయి. పెళ్లయిన బిడ్డను తల్లిగారింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తారు కదా! పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు, రవికె గుడ్డ... దోసిళ్లకొద్దీ కొంగులో పడుతుంటే బిడ్డ ఒడి బరువెక్కుతుంది. నువ్వు చల్లగుండాలి, నీ ఇల్లు నిండుగుండాలి అని పుట్టినింటివాళ్లు చెప్పే తీరది. ఆ బియ్యాన్ని అత్తగారింటికి తెచ్చి, వండి, అయినవాళ్లకూ ఇరుగుపొరుగుకూ పెడతారు. దీవెనను దాచుకోరు, పంచుతారు.

బతుకమ్మ సంగతీ అంతే. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే తొమ్మిది రోజుల పండుగలో పేర్చేవి ఖరీదైన పూలేం కావు. గునుగు, తంగేడు, కట్ల, బంతి... చేను గట్ల మీద, పెరట్లో దొరికేవే. రోజూ కళ్ల ముందే ఉండి, ఎవరూ పట్టించుకోని పూలను ఏరి, వరుసలు పేర్చి, మధ్యలో పసుపు గౌరమ్మను పెట్టి మొక్కడం! ఉన్నవాటిని లెక్కపెట్టడమంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

చిక్కల్లా ఒక్కటే. పండుగ తొమ్మిది రోజులు. మిగిలిన రోజుల్లో ఆ ఒడిలో ఉండేది బీడీల చాట. తంగేడు పూలు గట్టు మీదే ఉంటాయి... చూసే కన్నే ఉండదు.

ఫోన్ మోగితే పండుగే

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాక ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వలసలు మొదలయ్యాయి. అప్పటి ఇల్లాలికి భర్త క్షేమం తెలిసేది ఉత్తరంలోనే. అది చేరడానికి రోజులూ వారాలూ. కొందరు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని చెప్పాలనుకున్నవన్నీ క్యాసెట్‌లో నింపి, సెలవు మీద ఊరికొచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. ఆ గొంతు కోసం ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరేవారు. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. ఫలానా రోజు ఫలానా వేళకు ఫోన్ వస్తుందంటే పిల్లలకు తల దువ్వి, వెంటబెట్టుకుని బూత్ ముందు కాచుకుని కూర్చోవాల్సిందే. మీటరు తిరుగుతుంటే మాటలు గొంతులోనే ఆగిపోయేవి.

2016 తర్వాత డేటా చౌకయ్యాక ఆ దూరం అరచేతిలోకి వచ్చేసింది. ఇమోలోనో మరో యాప్‌లోనో ముఖం చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. దుబాయి, మస్కట్ గడియారాలు మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్‌లవి రెండున్నర గంటలు వెనక. ఈ తేడాలు ఇక్కడి ఇల్లాళ్లకు కంఠతా వచ్చు. సౌదీ, కువైట్, ఖతార్‌లలో వారపు సెలవు శుక్రవారం కాబట్టి చాలా ఇళ్లలో ఆరోజు మాటలు కాస్త ఎక్కువసేపు సాగుతాయి. సంభాషణ ఎప్పుడూ ఒకటే... ‘తిన్నవా?’, ‘పిల్లలు బడికి పోయిండ్రా?’, ‘పైసలు అందినయా?’ పెట్టేసే ముందు బిడ్డ ఫోన్ లాక్కుని, ‘బాపూ, ఎప్పుడొస్తవ్?’ అంటుంది. అంతే! మిగిలిన రోజంతా ఆ మాటల చుట్టే తిరుగుతుంది.

ఆరోజు ఫోన్ వచ్చిందన్నది ఆ ఇంటికి భాగ్యం కాదూ? రాని రోజున గుండె ఎలా కొట్టుకుంటుందో తెలిసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. పక్కపక్కనే ఉంటూ రాత్రి అన్నం దగ్గర కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోని పట్నం దంపతులు ఎందరో! గల్ఫ్ ఇల్లాలికి అయిదు నిమిషాల మాట విలువ వాళ్లకంటే బాగా తెలుసు.

లేకపోతే ఎలా ఉండేది?

2008లో అమెరికాలో మింక్యుంగ్ కూ, శారా ఆల్గో, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ అనే నలుగురు మనస్తత్వవేత్తలు సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధన ప్రచురించారు. జీవితంలో జరిగిన ఒక మంచిని తలచుకుని, అది ఎలా జరిగిందో రాయమని కొందరిని అడిగారు. అదే మంచి అసలు జరగకపోయే అవకాశం ఎంత ఉండేదో రాయమని మరికొందరిని అడిగారు. ఎవరి మనసు ఎక్కువ తేలికపడిందనుకుంటున్నారు? జరగకపోతే ఎలా ఉండేదని ఊహించినవాళ్లదే! తన జీవిత భాగస్వామి తనకు తారసపడకపోయి ఉంటే ఏమయ్యేదో రాసినవాళ్లు, ఎలా కలిశామో రాసినవాళ్లకంటే తమ బంధంతో ఎక్కువ తృప్తిగా కనిపించారు. ఉన్నదానికి మనసు తొందరగా అలవాటు పడిపోతుంది. ఒక్కసారి దాన్ని పక్కన పెట్టి చూస్తేనే మళ్లీ కంటికి ఆనుతుంది.

మేడిపల్లి ఇల్లాళ్లకు ఆ ఊహ కోసం కష్టపడాల్సిన పనిలేదు. అత్తమ్మను అడిగితే చాలు. బోరింగ్ దగ్గర బిందెల వరుసలు, నెత్తి మీద ఒకటి చంకలో ఒకటి పెట్టుకుని ఇంటికి నడకలు... ఆ తరం చూసిన ఎండాకాలాలు అవి. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇస్తామంటూ మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. ఇప్పుడు వాకిట్లో నల్లా తిప్పే కోడలికి అదో విశేషంగా అనిపించదు. ఒక్కరోజు నీళ్లు రాకపోతే మాత్రం ఇల్లంతా గగ్గోలే!

పొయ్యి సంగతీ అంతే. ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడిన అమ్మల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం 1999లో మొదలైంది. రోజూ ఆ మంట వెలిగించే చేతికి పొగ లేదన్న సంగతి గుర్తుకే రాదు. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. బిడ్డకు జ్వరమొస్తే కోరుట్లకో జగిత్యాలకో తీసుకెళ్లడానికి చిల్లర కోసం డబ్బాలు వెతుక్కోవాల్సిన పని తప్పింది. ఇవన్నీ రోజూ వాడుకునేవే... రోజూ మరచిపోయేవే.

తల్లీ బిడ్డా క్షేమం!

మరీ మరచిపోయేది ఇంకొకటుంది. కాన్పుకు వెళ్లిన ఆడది బిడ్డను ఎత్తుకుని ఇంటికి తిరిగి రావడం!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03 నాటికి ప్రతి లక్ష కాన్పులకు 195 మంది తల్లులు ప్రాణాలు కోల్పోయేవారు. తెలంగాణలో 2018-20 నాటికి ఆ సంఖ్య 43కు తగ్గింది. ఈ రెండు అంకెల మధ్య ఎన్నో చేతులున్నాయి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో రోడ్డెక్కిన 108 అంబులెన్సులు, ఇంటికొచ్చి నెలలు లెక్కపెట్టి ఆస్పత్రికి వెంట నడిచే ఆశా కార్యకర్తలు, 2015 నుంచి అంగన్‌వాడీల్లో గర్భిణులకూ బాలింతలకూ ఆరోగ్యలక్ష్మి కింద వడ్డించిన భోజనం, పాలు, గుడ్డు... అన్నీ కలిస్తేనే ఆ తగ్గుదల.

పొద్దున్నే చంటిది ఏడ్చి నిద్ర లేపినప్పుడు ఏ తల్లికైనా విసుగొస్తుంది. తప్పులేదు. కానీ ఆ ఏడుపు వినడానికి తాను ఉంది, ఏడవడానికి బిడ్డ ఉంది. ఊళ్లో పెద్దవాళ్లను కదిపితే కాన్పులో పోయిన ఏ చిన్నమ్మనో, మేనత్తనో తలచుకోని ఇల్లు అరుదు.

లాటరీ తగిలినా...

ఇక పరిశోధనల సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్)కు చెందిన రాబర్ట్ ఎమన్స్, మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ మెకలో కలిసి చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు వారానికోసారి తమకు కలిగిన మేళ్లు అయిదు దాకా రాయాలి. రెండో జట్టు చిరాకులు రాయాలి. మూడో జట్టు ఆ వారం జరిగిన సంగతులు ఊరికే రాయాలి. పది వారాలయ్యాక చూస్తే మేళ్లు రాసినవాళ్లు తమ జీవితం బాగుందన్నారు. ఒంట్లో నలతలు తక్కువన్నారు. వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. నరాలు, కండరాల జబ్బులతో బాధపడుతున్న కొందరిచేత 21 రోజులపాటు రోజూ ఇలాగే రాయిస్తే వాళ్లకు నిద్ర బాగా పట్టింది. మార్పును వాళ్లే కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లూ గమనించారు.

అలాగని ఇదో మంత్రదండం కాదు. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవాళ్లు ప్రభావం ఓ మోస్తరుగానే ఉందన్నారు. మరో పరిశోధకురాలు సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం ఇంకో కిటుకు పట్టుకుంది. ఆరు వారాల ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు! అదీ ఒక పనిగా మారితే రుచి పోతుందన్నమాట.

పెద్ద అదృష్టం తగిలితే ఈ చిల్లర లెక్కలతో పనేముంది అంటారా? గల్ఫ్ లాటరీలో ఎవరికో కోట్లు వచ్చాయన్న వార్త చదివినప్పుడల్లా ఇక్కడి ఇళ్లలో ఓ నిట్టూర్పు వినిపిస్తుంది. ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి 1978లో ఈ సంగతే పరిశీలించారు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో లాటరీ గెలిచిన 22 మందిని, గెలవని మామూలు జనంతో పోల్చారు. గెలిచినవాళ్లు మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితులతో కబుర్లు, పొద్దుటి పలహారం వంటి చిన్న చిన్న సంగతుల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. కోట్లు వచ్చి చాయ్ రుచి పోయిందన్నమాట!

భాగ్యం వేరు... బాకీ వేరు

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ‘ఉన్నదాంతో సంతోషంగా ఉండాలె బిడ్డా’ అన్న మాట మంచిదే. కానీ అదే మాటను ఆడదాని నోరు మూయించడానికి వాడటం మనకు కొత్త కాదు. మొగుడు తాగొచ్చి కొట్టినా ‘ఇల్లయినా ఉంది కదా’ అనేవాళ్లున్నారు. కూలీ తక్కువిచ్చినా ‘పనయినా ఉంది కదా’ అనేవాళ్లున్నారు. ఇది భాగ్యాలు లెక్కపెట్టడం కాదు. రావాల్సిన బాకీని ఆమె ఖాతాలోంచి కొట్టేయడం!

నిజానికి ఈ ఇల్లాళ్ల జాబితాలోని మేళ్లు కొన్ని ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. బీడీ కార్మికుల పని పరిస్థితుల కోసం 1966లో చట్టం వచ్చింది. 1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి వర్తించింది. తెలంగాణలో 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలైంది. 2019లో అది 2,016 రూపాయలయింది. వీటి వెనక సంఘాలు కట్టి రోడ్డెక్కిన ఆడవాళ్ల గొంతులున్నాయి. అందరికీ అందిందా అంటే అదీ లేదు. పథకం పెట్టినప్పుడు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలని గీత గీశారు. ఆ తర్వాత పెళ్లయి వచ్చి, చాట పట్టి, పీఎఫ్‌లో చేరిన పిల్లలు గీతకు ఇవతలే ఉండిపోయారు. ఆ గీతను ముందుకు జరపాలన్న మాట తర్వాతి ఎన్నికల్లోనూ వినిపించింది.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది కూడా ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిందే.

కాబట్టి లెక్క రెండు వరుసల్లో ఉండాలి. ఒకటి ఉన్నవాటిది. రెండోది రావాల్సినవాటిది. మొదటిది రాత్రి నిద్ర పట్టడానికి. రెండోది పొద్దున్నే లేచి అడగడానికి. ఉన్నది తెలిసినవాళ్లే రావాల్సింది ఎంతో కచ్చితంగా చెప్పగలరు. చేసిన కట్టలన్నీ లెక్క తేలాకే కదా, కార్ఖానాలో తగ్గించి రాసిన కట్ట సంగతి అడిగేది!

ఇంకో మాట. కొత్తగా తల్లయినవాళ్లకు కొన్నాళ్లు ఊరికే ఏడుపు రావడం, దిగులుగా ఉండటం మామూలే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, బతుకు మీద విరక్తి పుడితే... ‘నీకేం తక్కువ?’ అంటూ భాగ్యాల చిట్టా చదవకూడదు. అది జబ్బు. డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. రోజంతా తంబాకు మధ్య కూర్చునే తల్లులకు దగ్గు, నడుం నొప్పి కూడా అలవాటైపోయిన సంగతులే. వాటినీ ఓర్చుకోవాల్సిన పనిలేదు. చాట పక్కనే చంటిపిల్లను పడుకోబెట్టకపోవడం, పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

ఒక మంచి సంగతి

గల్ఫ్ నుంచి ఫోన్ వస్తే చాలా ఇళ్లలో రెండే రకాల మాటలుంటాయి. ఉన్న కష్టాలన్నీ ఏకరువు పెట్టడం... లేదంటే ఆయన బాధపడతాడని అన్నీ దాచేయడం. మొదటిది విని ఆయనకు నిద్ర పట్టదు. రెండోది దాచి ఈమెకు పట్టదు. ఈ రెంటి మధ్య మూడోది ఒకటుంది. కష్టం చెప్పాల్సిందే. దాని పక్కనే ఆరోజు జరిగిన ఒక చిన్న మంచీ చెప్పాలి. పిల్ల గోడ పట్టుకుని మూడడుగులు వేసింది. అత్తమ్మ ఇవాళ తానే కూర వండింది. యారాలు తన బీడీలతోపాటు మన కట్టలూ కార్ఖానాకు చేర్చింది. వానొచ్చి పెరట్లో బంతిమొక్క నిలబడింది. ఎడారి ఎండలో పనిచేసి క్యాంపు గదికి చేరిన మనిషికి ఇంటి నుంచి అందే ఒడిబియ్యం అదే.

పిల్లలు కూడా వింటూనే ఉంటారు. ఇంట్లో రోజూ లోటు లెక్కే వినిపిస్తే అదే నేర్చుకుంటారు. ఉన్నదీ వినిపిస్తే అదీ నేర్చుకుంటారు. ఆస్తులు ఇవ్వలేకపోయినా ఈ లెక్క నేర్పడానికి ఏ తల్లికీ అప్పు చేయాల్సిన అవసరం లేదు.

ఇలా లెక్కపెట్టండి!

* రోజూ అక్కర్లేదు. వారానికి ఒకరోజు పెట్టుకోండి. ఫోన్ ఎక్కువసేపు మాట్లాడుకునే రోజయితే మరీ మంచిది.

* మూడు నుంచి అయిదు చాలు. ‘పిల్లలు బాగున్నారు’ అని గంపగుత్తగా కాదు... ‘మంగళవారం జ్వరం తగ్గి, బిడ్డ అన్నం అడిగి తిన్నది’ అని విడమరచి చెప్పుకోండి.

* రాయడం రాకపోతే ఫర్వాలేదు. పిల్లలచేత రాయించండి. వాళ్లకు చేతిరాత, మీకు ముచ్చట!

* ఒక్కో మేలు వెనక ఉన్న మనిషిని తలచుకోండి. వీలైతే ఆ మాట వాళ్లకే చెప్పండి. కోడలు చేసిన సాయం అత్తకు, అత్త చేసిన సాయం కోడలికి చెబితే ఇంట్లో సగం గొడవలు వాకిట్లోనే ఆగిపోతాయి.

* ‘ఇది లేకపోతే ఎలా ఉండేది?’ అని ఒక్క నిమిషం ఊహించుకోండి.

* రావాల్సినవి ఇంకో కాగితం మీద రాసుకోండి. పీఎఫ్ పద్దు, పింఛను దరఖాస్తు, ఆయన వీసా, పాస్‌పోర్టు నకళ్లు... అన్నీ ఒకేచోట పెట్టుకోండి. ఆ కాగితాన్ని మాత్రం మరచిపోవద్దు!